ఒకే చేనుకి రెండు అడంగళ్లు

పొలం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకి జీనోమ్ బ్రౌజర్ అర్థం కావడం పెద్ద కష్టమేం కాదు. మా కొవ్వూరు చుట్టుపక్కల ఏ రైతునడిగినా చెప్తాడు: పాత సర్వే నంబరు ఒకటి, రీసర్వే తర్వాత వచ్చిన ఎల్పీఎం నంబరు ఇంకొకటి. రెండు కాగితాల్లో గట్టు ఒకేచోట ఉంటే గొడవ లేదు, తేడా వస్తేనే తంటా. వరి జన్యువులదీ అదే తంతు.

కంప్యూటర్స్, మెకానికల్ మిత్రుల కోసం రెండు ముక్కలు. వరి జీనోమ్ అంటే నాలుగు అక్షరాలతో రాసిన దాదాపు 38.9 కోట్ల అక్షరాల పొడవాటి స్ట్రింగ్. అంతర్జాతీయ బృందం దీన్ని చదివి 2005లో ప్రచురించింది. అందులో 11వ క్రోమోజోమ్‌లో కొంత భాగం మన దేశం వాటా. చదివింది మాత్రం నిప్పన్‌బారే అనే జపాన్ రకాన్ని. ఈ స్ట్రింగ్‌లో ఫలానా చోట జన్యువు మొదలు, ఫలానా చోట ఆఖరు, మధ్యలో ఇవి ఎక్సాన్లు, ఇవి కత్తిరించి పారేసే ఇంట్రాన్లు అని గుర్తులు పెట్టడమే యానొటేషన్. బ్రౌజర్ ఆ గుర్తుల్ని ఒకదాని కింద ఒకటి ట్రాకులుగా చూపిస్తుంది.

వరికి ఇలాంటి గుర్తులు ప్రధానంగా రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి జపాన్ వాళ్ల ర్యాప్, రెండోది అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లది. ర్యాప్ పేర్లలో ‘జీ’ తర్వాత ఏడంకెలు, మిషిగన్ పేర్లలో ముందు ‘లాక్’ అని ఉండి ‘జీ’ తర్వాత అయిదంకెలు. మిషిగన్ ఏడో విడుదలలో మొత్తం 55,986 జన్యువులు. ర్యాప్‌లో సుమారు 38 వేలు. అయ్యబాబోయ్, ఇంత తేడానా అనిపిస్తుంది. కానీ మిషిగన్ లెక్కలో సుమారు 17 వేలు ట్రాన్స్‌పోజాన్లవి, అంటే జీనోమ్‌లో ఒకచోట నుంచి ఇంకోచోటికి గెంతే ముక్కలవి. అవి తీసేస్తే రెండు లెక్కలూ దగ్గరకొస్తాయి. అసలు పేచీ సంఖ్యల్లో కాదు, ఒక్కో జన్యువు గట్ల దగ్గర.

గట్టు తగాదా తీర్చే ముందు ఇద్దరి చేతిలో ఉన్నది ఒకే పటమేనా అని చూడాలి. పాత విడుదలల్లో రెండు వర్గాల అసెంబ్లీలు వేరు, స్థానాల నంబర్లు కలవవు. 2013లో ఇద్దరూ కలిసి ఒకే రిఫరెన్స్ ప్రకటించారు. అందుకని పాత పేపర్లో ఉన్న స్థానాన్ని ఇవాళ్టి బ్రౌజర్లో నేరుగా కొట్టకండి. ఇంకో చిన్న చికాకు: బెడ్ ఫైల్ సున్నా నుంచి లెక్కపెడుతుంది, జీఎఫ్ఎఫ్ ఒకటి నుంచి. ఒక్క అక్షరం తేడా కనబడితే అది సైన్సు తేడా కాదు, లెక్క తేడా.

పటం ఒకటే అని తేలాక కూడా ఒక ట్రాక్ పొడవాటి ఒకే జన్యువు అంటుంది, ఇంకోటి కాదు రెండు అంటుంది. అప్పుడు కాగితాలు పక్కన పెట్టి, ఆ చేను దున్నుతున్నదెవరో చూడాలి. ఇక్కడ దున్నడమంటే ఆర్ఎన్ఏ. రీడ్స్ ఎంత ఎత్తుగా పేరుకున్నాయన్నదాన్ని నేను పెద్దగా నమ్మను. ఒక ఎక్సాన్ నుంచి ఇంకో ఎక్సాన్‌కి దూకిన రీడ్స్, అంటే జంక్షన్ రీడ్స్, ఉన్నాయా లేదా అన్నదే నా మొదటి ప్రశ్న. తగాదా ఉన్న రెండు ముక్కల మధ్య అలాంటి రీడ్స్ బాగా ఉండి, ఇంట్రాన్ జీటీతో మొదలై ఏజీతో ముగిస్తే, ఒకే జన్యువు అన్న వాదానికి బలం. ఆ రెండింటినీ కలిపే పూర్తి పొడవు సీడీఎన్ఏ కూడా దొరికితే ఇక పెద్దగా వాదించక్కర్లేదు. రీడ్స్ ఏమీ లేకపోతే? జన్యువు లేదనకండి. ఆకు శాంపిల్లో వేరు జన్యువు ఎందుకు కనబడుతుంది?

ఇప్పుడు అసలు సంగతి. మారుటేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 7029, మనందరి స్వర్ణ, మునిగితే కుళ్లిపోతుంది. డెల్టాలో మునక అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఒడిశా మూలాలున్న ఎఫ్ఆర్13ఏ నుంచి సబ్1ఏ ఉన్న ముక్కని స్వర్ణలోకి తెచ్చి చేసిన స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. నీళ్లలో ఎదుగుదల ఆపుకుని, నిల్వ పిండిపదార్థం దాచుకుని, రెండు వారాల దాకా తట్టుకుంటుంది. ఆ సబ్1ఏ కోసం నిప్పన్‌బారే బ్రౌజర్‌లో తొమ్మిదో క్రోమోజోమ్ అంతా వెతకండి. దొరకదు! ఆ రకంలో ఆ జన్యువే లేదు. దాని బంధువులు సబ్1బీ, సబ్1సీ మాత్రం ఉంటాయి. రెండు యానొటేషన్లూ ఒక్క మాట మీద ‘లేదు’ అంటాయి, నిప్పన్‌బారే వరకు అది నిజమే కూడా. మన చేలో మాత్రం ఉంది.

ఇంకో ఇరకాటం. స్వర్ణ-సబ్1 రీడ్స్‌ని నిప్పన్‌బారే మీద పరిస్తే, సబ్1ఏవి చోటు దొరక్క మిగిలిపోవచ్చు, పోలికల వల్ల బంధువుల ఇంట్లో దూరనూ వచ్చు. సబ్1సీ ఎత్తుగా కనబడిందని సంబరపడే ముందు మ్యాపింగ్ క్వాలిటీ చూడండి, మ్యాప్ కాని రీడ్స్ విడిగా తీసి వెతకండి.

అరటి సంగతి ఇంకా చిక్కు. మా ఊరి పేరే పెట్టుకున్న కొవ్వూరు బొంతది ఏబీబీ గుంపు, అంటే అక్యుమినాటా నుంచి ఒక వాటా, బాల్బిసియానా నుంచి రెండు. 2012లో వచ్చిన అరటి జీనోమ్ అక్యుమినాటాది. దాన్నొక్కదాన్నే పెట్టుకుంటే బొంత సొత్తులో రెండు వంతులకు అడంగలే లేనట్టు.

మా ప్రాజెక్టు టీమ్ పెట్టుకున్న పద్ధతి చెప్తాను. ప్రైమర్లు రెండు ట్రాకులూ ఒప్పుకున్న ఎక్సాన్ల మీదే. ఇంట్రాన్ మీద తగాదా ఉంటే దానికి అటొకటి, ఇటొకటి. డీఎన్ఏ మీద బ్యాండు 700, సీడీఎన్ఏ మీద 400 వస్తే మధ్యలో 300 అక్షరాల ఇంట్రాన్ కత్తిరించబడిందన్నమాట. రెండూ 700 వస్తే అక్కడ కత్తిరింపు జరగలేదు, లేదా ఆర్ఎన్ఏలో డీఎన్ఏ కలిసిపోయింది. అందుకే ఎంజైమ్ వెయ్యని గొట్టం ఒకటి పక్కన పెడతాం. సబ్1ఏకి మాత్రం ప్రైమర్లు ఎఫ్ఆర్13ఏ సీక్వెన్స్ నుంచి, జెల్ మీద స్వర్ణ, స్వర్ణ-సబ్1 పక్కపక్కనే.