మన్యం నుంచి రీల్ తీస్తున్నారా? ఈ చిట్కాలు మీకే

2020 జూన్ నెలాఖరున మన దేశంలో టిక్‌టాక్ ఆగిపోయింది కానీ, చిన్న వీడియోల అలవాటు ఆగలేదు. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చేశాయి. ఇప్పుడు అరకు, పాడేరు, డుంబ్రిగుడ, అనంతగిరి పల్లెల్లో కాఫీ రైతులు, హోమ్‌స్టే నడిపే కుటుంబాలు, పొదుపు సంఘాల అక్కలు కూడా ఫోను పట్టుకుని తీస్తున్నారు. చూసేవాళ్ల వేలు ఆగేది రెండు మూడు సెకన్లే. ఆ కాస్త సేపట్లో వాళ్లను నిలబెట్టే సరుకు మన కొండల్లో బోలెడుంది.

1. పనితోనే మొదలుపెట్టండి. "హాయ్ ఫ్రెండ్స్, మా ఛానల్‌కి స్వాగతం" అనేలోపే చూసేవాళ్లు వెళ్లిపోతారు. బొంగు చికెన్ తీస్తున్నారనుకోండి. నిప్పుల్లోంచి తీసిన బొంగు పైనంతా నల్లగా కాలి ఉంటుంది. మూతికి కుక్కిన అడ్డాకులు లాగగానే ఆవిరి గుప్పున లేస్తుంది. ఆకులు లాగే ఆ చేతే మీ మొదటి షాట్. ముక్కలకు కారం, మసాలా పట్టించడం, పచ్చి బొంగులో కూరడం, నిప్పుల మీద తిప్పుతూ కాల్చడం ఆ తరవాత వరసగా చూపండి. చివరికి ముక్కలు విస్తరాకులో పడాలి. ముఖం, పేరు, ఊరు మధ్యలో ఎక్కడైనా చెప్పుకోవచ్చు. గుంటూరు జిల్లా పల్లెలో మస్తానమ్మ చేసిన వంటలను యూట్యూబ్‌లో ప్రపంచమంతా చూసిందంటే, అల్లం పొట్టును గోళ్లతోనే గీకి తీసే ఆ చేతుల మహిమే. 2018లో ఆమె పోయినా ఆ వీడియోలు ఇంకా చూస్తూనే ఉన్నారు.

2. ఒక వీడియోకి ఒక్క సంగతే. కాఫీ కథంతా ఒక నిమిషంలో కుక్కితే ఏదీ మనసుకు పట్టదు. వేసవి మొదట్లో వాన పడ్డాక తోటంతా తెల్లగా పూస్తుంది, అది ఒక వీడియో. సిల్వర్ ఓక్ చెట్టుకు పాకిన మిరియాల తీగ ఇంకొకటి. నవంబరు నుంచి పండ్ల కోత, ఆ తరవాత పప్పు తీయడం, కడగడం, ఎండబెట్టడం. ఒక్క తోటలోనే ఏడాదికి సరిపడా వీడియోలు దొరుకుతాయి. వీటన్నిటిలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. ఎర్రగా పండిన కాయనూ సగం పచ్చి కాయనూ అరచేతిలో పక్కపక్కన పెట్టి, ఏది కోస్తారో, ఏది చెట్టుకే వదిలేస్తారో, ఎందుకో చెప్పడం. కాఫీ రుచి అక్కడే తేలుతుంది, బయట తాగేవాళ్లకు ఆ సంగతి తెలియదు. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారనీ, 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చిందనీ కింద కాప్షన్‌లో రాస్తే చాలు.

3. 2024 అక్టోబరు నుంచి షార్ట్స్ మూడు నిమిషాల దాకా పెట్టుకోవచ్చు. అయినా ముప్పై నలభై సెకన్లలో అయిపోయే పనిని సాగదీయకండి.

4. చలికాలం బయట మంచులో తిరిగి, పొయ్యి వెలుగుతున్న వంటింట్లోకి రాగానే లెన్స్ మీద తేమ పడుతుంది. కొద్ది నిమిషాలు ఆగి, మెత్తటి నూలుగుడ్డతో తుడిచి తీయండి. చలికి బ్యాటరీ కూడా తొందరగా దిగిపోతుంది, తీయనప్పుడు ఫోను శాలువా లోపల పెట్టుకోండి. మంచులో మనిషిని తీసేటప్పుడు తెర మీద ముఖం దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే వెలుతురు అక్కడికి కుదురుతుంది. లేకపోతే ముఖం నల్లబడిపోతుంది.

5. థింసాకు సినిమా పాట అతికించకండి. తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ముల మోత ఉండగా అరువు పాట దేనికి? వాయిద్యాలకు మరీ దగ్గరగా నిలబడితే శబ్దం పగిలిపోతుంది, పది పదిహేను అడుగులు వెనక్కి జరగండి. ముందు ఫోను నేలకు ఆనించి అందెలు ఘల్లుమనే పాదాలు తీయండి. ఆ తరవాత ఒకరి వీపు వెనక ఒకరు చేతులు కలుపుకున్న ఆడవాళ్ల వరస. అడుగు ఎక్కడ మారుతుందో అక్కడిదాకా ఉంచాలి, మధ్యలో కత్తిరిస్తే నాట్యమే ఉండదు.

6. మీ ఇంటి భాషలోనే మాట్లాడండి. కువి కావచ్చు, ఆదివాసీ ఒడియా కావచ్చు, మన్యం తెలుగు కావచ్చు. కింద తెలుగులో పెద్ద అక్షరాలు వేయండి, చాలామంది శబ్దం లేకుండానే చూస్తారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన మై విలేజ్ షో యూట్యూబ్ ఛానల్‌లో గంగవ్వ తన ఊరి మాటే మాట్లాడింది. ఆ మాటకే జనం ఆమెను ఇంటి మనిషిని చేసుకున్నారు. మన గూడేల్లోని అవ్వలు అంతకు తక్కువా?

7. సిగ్నల్ లేని ఊళ్లో తీయడం, కూర్చడం ఫోనులోనే పూర్తి చేసుకోండి. సంతకో, మండల కేంద్రానికో వెళ్లినప్పుడు ఎక్కించండి. ఫోర్‌కే వద్దు, 1080 చాలు. ఫైలు చిన్నదై డేటా మిగులుతుంది.

8. అమ్మకానికి అబద్ధం కలపకండి. అడవి తేనె తింటే షుగరు పోతుందనీ, ఫలానా వేరు నమిలితే మోకాళ్ల నొప్పులు మాయమవుతాయనీ చెప్పే వీడియోలు పరిగెడతాయి, నిజమే. దాన్ని నమ్మి ఎవరైనా మందులు మానేస్తే ఆ పాపం మనదే. తేనె ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో, కిలో ఎంతో చెప్పండి.

9. ప్రతి జలపాతానికీ దారి చూపించకండి. ఇలాంటి వీడియోలు చూసే వంజంగి మేఘాల కొండకు జనం పోటెత్తారు, వాళ్లతో పాటు ప్లాస్టిక్ కూడా వచ్చింది. లోతు తెలియని మడుగు, జారే బండ ఉన్న చోటైతే ఊరి పేరు పెట్టవద్దు. పెట్టాల్సి వస్తే ప్రమాదం సంగతే ముందు చెప్పండి.

10. అడిగి తీయండి. సంతలో అడ్డాకులు, చీపుర్లు పెట్టుకుని కూర్చున్న అవ్వ ముక్కు కమ్ముల మీదికి, పచ్చబొట్ల మీదికి కెమెరా దూర్చడం మర్యాద కాదు. పక్కన కూర్చుని, వీడియో ఎక్కడికి వెళ్తుందో ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పండి. ఒప్పుకుంటే తీసింది ఆమెకే ముందు చూపించండి. ఇటికల పండగ, కొర్రకొత్త లాంటి వాటిలో పూజ దగ్గర ఏది తీయవచ్చో ఊరి పెద్దలే చెప్పాలి. ఆ వీడియో మీద నాలుగు రూపాయలు వస్తే, అందులో కనిపించిన వాళ్లకూ వాటా ఇవ్వండి.