పాత వడ్రంగి యంత్రము కొనుటకు ముందు

మన గ్రామములలో వడ్రంగి పని చాలవరకు ఉలి, బాడిస, చిత్రిక, చేతిరంపములతోనే సాగుచు వచ్చినది. ఇప్పుడు పలువురు వడ్రంగులు ఇంటి చేరువనే ఒక పాక వేసికొని అందు ఒకటి రెండు యంత్రములు నిలుపుకొనవలెనని తలచుచున్నారు. క్రొత్తది కొను శక్తి లేనివారు పాతసామాను దుకాణములకును, మూతపడిన పనిశాలల వేలములకును పోవుచున్నారు. పోవుటకు ముందు వారు అడుగునది పంచాయతీ సభ్యుల సలహానే. అందుచేత ఈ విషయమున కొంత తెలిసియుండుట మీకు అవసరమని మేము తలచుచున్నాము.

పాతదన్నంతనే చులకన చేయనక్కరలేదు. ఇంగ్లండులోని లెస్టరు పట్టణమున 1897లో నెలకొన్న వాడ్కిన్ కంపెనీవారి యంత్రములను, అమెరికాలో 1939లో వెలువడిన డెల్టా కంపెనీవారి ‘యూనిసా’ అను బల్లరంపమును ఆ దేశములవారు నేటికిని వెదకి కొని, బాగుచేసికొని, ఇంటి పనిశాలలలో వాడుకొనుచున్నారు. వాని విలువ యంతయు బరువైన పోత ఇనుములో నున్నది. బరువైన యంత్రము అదరదు. అదరని యంత్రముపై కోత నున్నగా వచ్చును.

కాని ఆ పోత ఇనుములోనే మోసమునకును చోటున్నది. మేము ఒకమారు ఒక వడ్రంగితో కూడ పాతసామాను దుకాణమునకు పోయితిమి. ఆకుపచ్చ రంగుతో మెరయుచున్న చిత్రిక యంత్రము నొకదానిని వ్యాపారి చూపెను. పశువుల సంతలో కొమ్ములకు రంగు పూసిన ఎద్దును చూచినవారికి ఆ మెరుగుపై అనుమానము రాకపోదు. మా వెంట వచ్చిన వడ్రంగి చిన్న సుత్తితో కాళ్లకడ నుండి పైదాక మెల్లగా తట్టుచు పోయెను. ఒకచోట గంట వలె మ్రోగుచున్న ధ్వని హఠాత్తుగా మొద్దుబారెను. గోటితో గీకగా రంగు క్రింద లప్పము, లప్పము క్రింద జానెడు పగులు బయటపడినవి. ఆతడు బయానా ఇచ్చుటకు తెచ్చిన సొమ్ము నాలుగు నెలల కష్టార్జితము.

తుప్పు వేరు, పగులు వేరు. తుప్పు పైపైదైనచో పోవును. పోత ఇనుమున పడిన పగులును నమ్మకముగా అతుకుట సామాన్య వెల్డరుకు సాధ్యము కాదు. కావున తుప్పు పట్టిన యంత్రమును చూచి బెదరకుడు. క్రొత్తగా రంగు వేసిన దానినే రెండుమార్లు చూడుడు. బల్లపై సరియైన ఇనుపబద్దను నిలిపి, దాని క్రిందనుండి వెలుతురు వచ్చుచున్నదేమో కనుగొనవలెను. ఈ పరీక్ష నిలువున, అడ్డముగ, మూలనుండి మూలకు చేయవలసియుండును.

తుప్పు వదలించుటకు కిరసనాయిలు, తీగల బ్రష్షు, ఎమరీ కాగితము చాలును. చిన్న భాగములకు మరియొక పద్ధతి గలదు. ప్లాస్టిక్ తొట్టిలో నాలుగు లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచాడు చొప్పున చాకలిసోడా కలిపి, తుప్పు పట్టిన భాగమును 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు యొక్క మైనస్ తీగకును, పనికిరాని ఇనుప ముక్కను ప్లస్ తీగకును తగిలించి, రెండును ఒకదానినొకటి తాకకుండ నీటిలో దింపవలెను. మరునాటికి తుప్పు మడ్డివలె ఊడివచ్చును. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలును ఎన్నడును వాడరాదు. అందుండి విషపదార్థము నీటిలో దిగును. మండు స్వభావము గల హైడ్రోజను వాయువు వెలువడును గనుక ఈ పని ఆరుబయటనే చేయవలెను. దరిదాపుల బీడీ కాల్చరాదు. పాత రంగులలో సీసము కలిసియుండవచ్చును. దానిని పొడిగా గీకి ధూళి చేయక, తడిపి గీకుట మేలు. పిల్లలను దూరముగా నుంచవలెను.

విప్పునప్పుడు ప్రతి భాగమును సెల్‌ఫోనుతో ఫోటో తీసికొని, మరలను వేరువేరు డబ్బాలలో ఉంచుకొనవలెను. పాత ఇంగ్లీషు యంత్రముల మరచుట్లు విట్‌వర్త్ కొలతవి. వానిలో నేటి మిల్లీమీటరు బోల్టులను బలవంతముగా బిగించినచో చుట్లు తెగిపోవును.

బేరింగుల విషయమున భయము వలదు. ఇరుసును చేతితో త్రిప్పినప్పుడు గరగర వినబడినను, పైకెత్తినప్పుడు ఊగినను అవి అరిగినవని గ్రహింపవలెను. బేరింగు అంచుపై చెక్కిన సంఖ్యయే దాని చిరునామా. 6204 అని యున్నచో లోపలి రంధ్రము 20 మిల్లీమీటర్లు, బయటి కొలత 47, మందము 14. ఆ సంఖ్య చెప్పినచో మోటారు విడిభాగముల దుకాణమున దొరకును. ఇంకను పాతకాలపు యంత్రములలో గుండ్లకు బదులుగా బాబిట్ అను మెత్తని లోహమును పోసియుందురు. దానిని మరల కరగించి పోయువారు అరుదు. అట్టిది తొలిసారి కొనువారికి తగదు.

ఇక చేతివ్రేళ్ల మాట. కొన్ని పాత చిత్రిక యంత్రములలో కత్తులు బిగించు దిమ్మె నలుపలకలుగా నుండును. అది తిరుగునప్పుడు బల్లకును దిమ్మెకును నడుమ వెడల్పైన సందు ఏర్పడి, జారిన చేయి లోనికి పోవును. గుండ్రని దిమ్మెలో ఆ సందు ఇరుకు. చేతితో కొయ్యను త్రోయు చిత్రిక యంత్రములలో నలుపలకల దిమ్మెను ఇంగ్లండులో 1922 నాటి నిబంధనలే నిషేధించినవి. అట్టిది ఊరక ఇచ్చినను తీసికొనవలదని మీ వడ్రంగికి చెప్పుడు. బల్లరంపమునకు పైతొడుగు, రంపము వెనుక కొయ్యను విడదీసి పట్టు ఇనుప రేకు ఉన్నవో లేవో చూడవలెను. పాతవానిలో అవి తరచుగా పోయియుండును. క్రొత్తవి అమర్చిన తరువాతనే స్విచ్చి వేయవలెను. భుజముపై తువాలు, వదులు చేతుల చొక్కా, చేతి తొడుగులు యంత్రము దగ్గర పనికిరావు.

ఖర్చు లెక్కించునప్పుడు పలువురు యంత్రపు వెల ఒక్కటే చూతురు. లారీ బాడుగ, బేరింగులు, బెల్టు, రంపపు పదును, అన్నిటికంటె మోటారు, వీనినన్నిటిని కాగితముపై వ్రాసికొనిన పిమ్మటనే బేరమాడవలెను. పాత యంత్రముల మోటార్లు పెక్కు త్రీ ఫేజువి. ఇంటి కరెంటు సింగిల్ ఫేజు. మోటారు మార్చుటయో, ఫేజును మార్చు డ్రైవు అను పరికరము కొనుటయో తప్పదు. అదనపు లోడునకు విద్యుత్ సంస్థ మంజూరు కావలెను.

బ్యాండ్ రంపమును గాని, 30 సెంటీమీటర్లకు మించిన చక్రపు రంపమును గాని నిలుపదలచినచో, కేంద్ర ప్రభుత్వము 2016లో ప్రకటించిన కలప పరిశ్రమల మార్గదర్శకముల ననుసరించి అనుమతి ప్రశ్న వచ్చును. ముందుగనే అటవీశాఖ రేంజి కార్యాలయమున విచారింపుడు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున చేర్చిన 18 వృత్తులలో వడ్రంగము ఒకటి. ఆ దరఖాస్తుల తొలి పరిశీలన గ్రామ పంచాయతీ స్థాయిలోనే జరుగును గనుక మీ బాధ్యత హెచ్చు. అందలి రూ. 15,000 పనిముట్ల సహాయము వోచరు రూపమున వచ్చునది. దానిని నమ్ముకొని పాతయంత్రమునకు బయానా ఇయ్యరాదు. ఋణము తొలి విడత లక్ష రూపాయల వరకు, 5 శాతము వడ్డీకి లభించును.

సొమ్ము చెల్లించుటకు ముందు యంత్రమును అరగంట నడిపించి చూడుమని వ్యాపారిని కోరవలెను. ఆగిన వెంటనే కరెంటు తీసివేయించి బేరింగు గూడుపై చేయి వేయుడు. చేయి నిలుపలేనంత వేడియున్నచో, వెల తగ్గింపుమనుడు, లేదా తిరిగి రండు.