జెండా కట్టే పిల్లలకు

మధురవాడలో అపార్ట్‌మెంట్లు పెరిగినకొద్దీ మేడల మీద జెండాలూ పెరిగాయి. బడిలో డ్రిల్లు మాస్టారుగా రిటైరైన నన్ను కుర్రాళ్లు ఇప్పటికీ జెండా కట్టడానికి పిలుస్తుంటారు. వాళ్లకు చెప్పేవే ఇవి.

1. కొనేటప్పుడే చూసుకోండి. పొడవు మూడు పాళ్లయితే వెడల్పు రెండు. మూడు పట్టీలూ సమానం. చక్రానికి 24 ఆకులు, ముదురు నీలం, రెండువైపులా కనబడాలి. చక్రం కోడిగుడ్డులా సాగిపోయిన జెండాలు చవగ్గా దొరుకుతాయి. వద్దు.

2. ముందురోజే కప్పీకి నూనె వేయండి. రుషికొండ వైపు నుంచి కొట్టే ఉప్పుగాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. కాషాయం వైపు కొస పైకి వచ్చేలా తాడుకు కట్టండి. పూలరేకులు లోపల పెట్టి చుట్టాక వేసేది జారుముడి. బిగిస్తే పైకెళ్లాక విడదు, వదులైతే దారిలోనే రేకులు రాలిపోతాయి. అందుకే కిందే ఒకసారి లాగి చూసి, మళ్లీ కట్టండి.

3. గోడకు నిలువుగా వేలాడదీస్తే, ఎదురుగా నిలబడ్డవారికి కాషాయం ఎడమచేతివైపు ఉండాలి. జెండా మీద అక్షరం రాయకూడదు, మీ అపార్ట్‌మెంటు పేరైనా సరే.

4. పింగళి వెంకయ్యగారి గురించి జెండా కర్ర దగ్గరే చెప్పండి. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన ఆయన 1916లోనే దేశానికో జెండా కావాలని పుస్తకం వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలకు వచ్చిన గాంధీగారికి నమూనా చూపించారు. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో అంతకుముందు జెండా మీదున్న రాట్నం బదులు అశోకచక్రం వచ్చింది. మన తెలుగాయన పడిన ఈ శ్రమ తెలిస్తే పిల్లలు జెండాని చూసే చూపే మారుతుంది. నా కళ్లతో చూశాను.

5. అందరూ మరిచిపోయేది దించడం. ఇళ్ల మీద రాత్రిపూట కూడా జెండా ఉంచవచ్చని 2022 జూలైలో నిబంధన మార్చారు. మంచిదే. కానీ ఉంచవచ్చంటే వదిలేయమని కాదు. మా దగ్గర ఒక మేడ మీద కాషాయం వెలిసిపోయి, ఆకుపచ్చ పీలికలైనా ఎవరూ పట్టించుకోలేదు. అది చూసి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. వాచ్‌మన్‌ని బతిమాలి దింపించాను.

ఎగరేసేటప్పుడు చకచకా, దించేటప్పుడు నెమ్మదిగా. నేల తగలనివ్వకండి. కాషాయం, ఆకుపచ్చ పట్టీలను తెలుపు కిందికి మడిచి, తర్వాత రెండు పక్కల నుంచీ చక్రం పైకి కనబడేలా మడవండి. రెండు అరచేతుల మీద పట్టుకెళ్లండి. చిరిగితే మసిగుడ్డ చేయొద్దు, నలుగురి ముందూ కాకుండా మొత్తంగా కాల్చేయండి. పిల్లల చేతి కాగితం జెండాలు మిఠాయి కాగితాలతో కలిసిపోకముందే ఒకరు సంచీ పట్టుకుని తిరిగి ఏరాలి. ఊడ్చేవాళ్లు వచ్చేలోపే ఆ పని అయిపోవాలి.