ఈ పూటకి ఒక్క గోరు చాలు

రాజమహేంద్రవరం

చిరంజీవి చిన్నికి,



సోఫా చేతుల్లోంచి స్పాంజి బయటపడేలా మీ పిల్లి మల్లి గీకేసిందనీ, ఇంటి ఓనరు చూస్తే అడ్వాన్సులో కోత పెడతాడనీ, గోళ్లు తీద్దామని కూర్చుంటే నీకూ మీ ఆయనకూ చేతుల నిండా గీతలు పడ్డాయనీ రాశావు. వీటన్నింటికంటే నన్ను కలవరపెట్టింది చివర్లో రాసిన మాట. ఆపరేషన్ చేయించి గోళ్లు మొత్తం తీయించేస్తే గొడవ వదిలిపోతుందని అమెరికాలో ఉన్న నీ స్నేహితురాలు చెప్పిందట. ముందు దానికే జవాబు చెప్తాను. వద్దు తల్లీ. ఆ ఆలోచన ఇంతటితో వదిలెయ్యి.

పిల్లి గోరు పుట్టేది వేలి చివరి ఎముక నుంచి. అది మళ్లీ మొలవకూడదంటే ఆ ఎముకనే కోసి తీసెయ్యాలి. మన చేతులకైతే ప్రతి వేలూ పై కణుపు దాకా తెగ్గొట్టడమన్నమాట. అలా చేసిన పిల్లులు కొన్నింటికి నడకలో నొప్పి ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. ట్రేలో ఇసుక తవ్వితే కాళ్లు నొప్పెట్టి, అందులోకి వెళ్లడమే మానేసేవి ఉంటాయి. గోరు లేని పిల్లి తనను తాను కాపాడుకోవాలంటే ఇక మిగిలేది పళ్లే. బ్రిటన్‌లోనూ ఐరోపాలో చాలా దేశాల్లోనూ వైద్య అవసరం లేకుండా ఇది చెయ్యడం నిషేధం. అమెరికాలో మొట్టమొదట దీన్ని నిషేధించిన రాష్ట్రం న్యూయార్క్, 2019లో. నీ స్నేహితురాలు నీ మేలు కోరే చెప్పి ఉంటుంది. ఈ సంగతులు తనకీ చెప్పు.

మల్లి నీ సోఫా మీద పగబట్టలేదు. పిల్లి గోరు పొర మీద పొరగా పెరుగుతుంది. పైపొర పాతబడితే ఊడిపోవాలి, కింద ఉన్న కొత్త వాడి గోరు బయటికి రావాలి. అందుకే గరుకుగా ఉన్నది చూసుకుని గీకుతుంది. ఇల్లు ఊడుస్తుంటే నెలవంక ఆకారంలో బోలుగా ఉన్న గోటి తొడుగులు దొరుకుతాయి, చూశావా? గోరు ఊడిపోయిందని కంగారు పడకు, అది పైపొరే. పైగా పిల్లికి పంజాల్లో వాసన గ్రంథులుంటాయి. గీకిన చోట తన వాసన అంటించి, ఇది నా చోటు అని గుర్తు పెట్టుకుంటుంది. నిద్ర లేవగానే ముందుకాళ్లు పైకి చాచి, వెన్ను సాగదీసి గీకడం దాని ఒంటికి కావలసిన పని. కాబట్టి గీకడం మాన్పించలేవు, మాన్పించకూడదు కూడా. ఎక్కడ గీకాలో మాత్రం నువ్వు చూపించగలవు.

బజారులో దొరికే పొట్టి స్తంభాలు కొనకు. పిల్లి నిలువునా సాగితే అందనంత ఎత్తుండాలి, అంటే మూడడుగులు. ఆనుకుంటే కదలకూడదు. ఒక్కసారి ఊగిందంటే మళ్లీ దాని మొహం చూడదు. వడ్రంగి దగ్గర మంచి చెక్క దిమ్మ ఒకటి తీసుకుని, కింద వెడల్పాటి పలక బిగించి, దిమ్మకి నులక తాడు ఒత్తుగా చుట్టు. దాన్ని ఏ మూలో దాచిపెట్టకు, పాడైన సోఫా చేతి పక్కనే పెట్టు. మల్లి పడుకునే చోట ఇంకొకటి. సోఫా చేతికి నున్నటి రెగ్జిన్ గుడ్డ గట్టిగా లాగి కట్టు, నున్నటిదాని మీద గోరు పట్టదు కాబట్టి గీకాలనిపించదు. దాని కాళ్లు పట్టుకుని స్తంభానికి రుద్దించే పని మాత్రం చెయ్యకు. తనంతట తను గీకిన క్షణంలో మెచ్చుకుని, నోటికి ఒక ముక్క అందించు. కేకలేస్తే, నీళ్లు చల్లితే నువ్వు లేనప్పుడు గీకడం నేర్చుకుంటుంది, అంతే.

ఇక గోళ్లు తియ్యడం. ఇది సోఫా కోసమని అనుకోకు, మల్లి కోసమే. మీలా నాలుగో అంతస్తు ఫ్లాట్లో, నున్నటి టైల్స్ మీద తిరిగే పిల్లికి చెట్టు ఎక్కడం, మట్టి తవ్వడం ఉండవు కదా. గోరు కొక్కెంలా వంగి దోమతెరలో, కర్టెన్లో, పట్టుచీర పోగులో చిక్కుకుంటుంది. చిక్కుకుంటే బెదిరి గుంజుకుంటుంది, గోరు మొదలంటా చీలుతుంది. బయట తిరిగే పిల్లి సంగతి వేరు. కుక్క తరిమితే గోడో చెట్టో ఎక్కడానికి దానికున్న దిక్కు ఆ గోళ్లే. అలాంటి పిల్లికి గోళ్లు తియ్యొద్దని నేను గట్టిగా చెప్తాను. మల్లి గడప దాటదు కాబట్టి తియ్యమంటున్నాను.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ నీకు తెలుసు. రాయలవారు పిల్లినీ, దానికి పాల కోసం ఆవునీ ఇస్తే, రామకృష్ణుడు మొదటి రోజే పొగలు కక్కే పాలు పెట్టాడు. నోరు కాలిన పిల్లి ఆ తర్వాత పాల గిన్నె చూస్తేనే పరుగు తీసింది. చిన్నప్పుడు నవ్వుకుంటూ విన్న కథే అయినా, ఇన్నేళ్లు పిల్లులతో ఉన్నాక నాకు ఆ పిల్లి మీదే జాలి. కథ ఎలా పుట్టినా అందులో పిల్లి స్వభావం మాత్రం నిజం. ఒక్కసారి నొప్పి కలిగితే ఆ గిన్నె, ఆ చోటు, ఆ చెయ్యి అన్నీ దానికి గుర్తుండిపోతాయి. మీరిద్దరూ మొన్న చేసిన పని అదే. ఒకరు మెడ పట్టుకుని అదిమిపెట్టారు, ఇంకొకరు కట్టర్ పట్టుకున్నారు. మల్లి దృష్టిలో అది తన ప్రాణాల మీదికి వచ్చిన దాడి. ఎదిగిన పిల్లిని మెడ మీద చర్మం పట్టి అదమడం మంచిది కాదని పిల్లుల వైద్యులు ఇప్పుడు స్పష్టంగా చెప్తున్నారు.

అందుకని కట్టర్‌ని కొన్నాళ్లు మర్చిపో. నిజమైన పని చేతితో మొదలవుతుంది. మల్లి కడుపు నిండా తిని, నీ పక్కన మగతగా పడుకున్నప్పుడు తల నిమురుతూ భుజం మీదికి, అక్కణ్నించి ముందుకాలి మీదికి చెయ్యి జార్చు. పంజా మీద చెయ్యి ఒక్క క్షణం ఉంచి తీసెయ్యి. వెంటనే నోటికి ఏదైనా అందించు. కాలు లాక్కుంటే వదిలెయ్యి, వెంటపడకు. నాలుగు రోజులకో పది రోజులకో కాలు లాక్కోవడం మానేస్తుంది. అప్పుడు పంజాని నీ వేళ్ల మధ్య పట్టుకో. తర్వాత ఒక వేలిని పైనుంచి బొటనవేలితో, కింద మెత్త మీద చూపుడు వేలితో మెల్లిగా నొక్కు. గోరు బయటికి వస్తుంది. పిల్లి గోరు మామూలుగా లోపల ఉండేది అది బలవంతాన దాచుకోవడం వల్ల కాదు. సాగే గుణమున్న సన్నని బంధనం దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. కండరం లాగినప్పుడే బయటికి వస్తుంది. నువ్వు నొక్కినప్పుడు జరిగేదీ అదే, సరిగ్గా నొక్కితే ఏ నొప్పీ ఉండదు. ఈలోగా కట్టర్ దాని పక్కనే పడుండనియ్యి. వాసన చూడనియ్యి. ఎండు సేమ్యా పుల్ల ఒకటి దాని దగ్గర కత్తిరించి ఆ టక్ మనే చప్పుడు వినిపించు, ముక్క పెట్టు. ఆ చప్పుడుకి చెవి కూడా కదపని రోజున మొదటి గోరు తియ్యి. ఒక్క గోరే. తీసి, ముక్క పెట్టి, వదిలెయ్యి. మర్నాడు ఇంకొకటి. పద్దెనిమిదీ ఒకే విడతలో తీసెయ్యాలని ఎవరన్నారు? ముందుకాళ్లకి అయిదేసి, వెనక్కాళ్లకి నాలుగేసి. ముందు పదీ ముఖ్యం. వెనకవి అంత వాడిగా ఉండవు, చాలా పిల్లులు వాటిని పళ్లతో తామే సర్దుకుంటాయి.

ఆ ముక్క ఏమిటంటావేమో. ఉప్పూ మసాలా ఉల్లిపాయా తగలకుండా ఉడికించిన చికెన్, గోరంత. మీ ఇంట్లో మాంసం వండరు కాబట్టి షాపులో పిల్లుల కోసం అమ్మే ట్రీట్లు కొనుక్కో. పాలు వద్దు, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి అరగవు. అన్నట్టు, మీ అత్తగారు దానికి పెరుగన్నం పెడుతున్నారని రాశావు. ప్రేమతో పెట్టే ముద్దని కాదనకు, కానీ దాని మీదే బతకనివ్వకు. పిల్లికి టారిన్ అనే పోషకం మాంసాహారం నుంచే అందాలి, అది కరువైతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది.

కత్తిరించేటప్పుడు వెలుతురు బాగా ఉండాలి. మల్లి గోళ్లు తెల్లవి కాబట్టి లోపల గులాబి రంగులో పచ్చి కనిపిస్తుంది. రక్తనాళం, నరం ఉండేది అందులోనే. దాని జోలికి పోకుండా, ముందు వంకర తిరిగిన కొన మాత్రం తియ్యి. ఎంత తియ్యాలో అనుమానం వస్తే తక్కువే తియ్యి. కట్టర్ పదునుగా ఉండాలి, మొద్దుబారిన బ్లేడు గోటిని నలిపి చీలుస్తుంది. పిల్లుల కోసం చేసిన చిన్న కత్తెర మేలు. ముందుకాలి లోపలి వైపు, కాస్త పైన, బొటనవేలి చోట ఉండే గోరు మర్చిపోకు. అది నేలకి తగలదు, అరగదు. ఎవరూ చూడకపోతే గుండ్రంగా తిరిగి మెత్తలోకే గుచ్చుకుపోతుంది. ముసలి పిల్లులకి ఇది మరీ ఎక్కువ. కీళ్ల నొప్పులతో గీకడం తగ్గిపోయి గోళ్లు మందంగా పెరుగుతాయి. మల్లికి పదేళ్లు దాటాక ప్రతి వారం ఆ నాలుగు కాళ్లూ తడిమి చూడు.

పొరపాటున పచ్చి తెగి రక్తం వస్తే గట్టిగా అరవకు. కాస్త కార్న్‌ఫ్లోర్ ముందే చిన్న మూతలో పోసి పక్కన పెట్టుకో. దూదితో అద్ది, ఒకటి రెండు నిమిషాలు నొక్కి పట్టు. కొన్ని నిమిషాల్లో ఆగుతుంది, ఆగకపోతే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. నొప్పిగా ఉందేమోనని మాత్రం మన పారాసెటమాల్ ఇవ్వకు తల్లీ. మన ఒళ్లు తేలిగ్గా విరిచేసే ఆ మందుని పిల్లి కాలేయం విరవలేదు. ఒక్క మాత్ర ప్రాణం తీస్తుంది. ఫినాయిల్‌తో గచ్చు తుడవడం కూడా మానండి. అది పంజాలకి అంటుకుంటుంది, పిల్లి పంజాలు నాకుతుంది, అలా విషం కడుపులోకి పోతుంది. సబ్బు నీళ్లతో తుడిచి ఆరబెడితే చాలు.

చెవులు పక్కకి వాలినా, తోక కొసతో నేలని కొడుతున్నా, వీపు మీద చర్మం జలదరించినా ఇక చాలంటోందని అర్థం. అది రక్కేదాకా ఆగకు. అప్పటికి రెండు గోళ్లే అయినా కట్టర్ పక్కన పెట్టేసి లేచిపో. ఎదిగిన పిల్లికి రెండు మూడు వారాలకోసారి ముందు గోళ్లు చూసుకుంటే సరిపోతుంది, కాబట్టి నీకు తొందరేమీ లేదు.

మంగళవారం, శుక్రవారం ఇంట్లో గోళ్లు తియ్యకూడదని మీ అత్తగారు అంటున్నారట. దీపాలు పెట్టాక అసలే వద్దన్నారట. దీని కోసం ఆవిడతో వాదన పెట్టుకోకు. వారంలో మిగతా అయిదు రోజులున్నాయి, పగటి వెలుగులో తియ్యమని నేను చెప్పేదీ అదే. వాకిట్లో పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరిగే ఆవిడే మల్లికి అన్నం కలుపుతున్నారంటే నాకు ఎంత సంతోషమో! ఆవిడ ఒళ్లో మల్లి పడుకుని ఉన్నప్పుడు నువ్వు పంజా పట్టుకో. కొన్ని ఇళ్లలో పిల్లి ఇంకొకరి ఒడిలో ఉంటేనే నెమ్మదిగా ఉంటుంది.

నీ చేతి గీతల గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గీత పడగానే ధారగా పడే నీళ్ల కింద సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం ఏదీ అద్దకూడదు. మన దేశంలో రేబిస్ కుక్కల నుంచే కాదు, పిల్లుల నుంచి కూడా రావచ్చు. మల్లికి మూడు నెలల వయసులో వేయించాల్సిన రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటేటా వేయించాల్సినది పడ్డాయో లేదో కార్డు తీసి చూడు. పడినా సరే, రక్తం వచ్చేలా రక్కిన రోజున డాక్టరుకి చూపించుకుని ఆయన చెప్పినట్టు చెయ్యి. ప్రభుత్వాసుపత్రిలో ఆ టీకా ఉచితంగానే వేస్తారు. ఇంకొకటి కూడా ఉంది. పిల్లి ఒంటి మీద పాకే ఫ్లీ పురుగుల మలం గోళ్ల కింద చేరి, రక్కినప్పుడు బార్టొనెల్లా అనే క్రిమి మన ఒంట్లోకి వస్తుంది. చంకలో బిళ్లలు కట్టి జ్వరం వస్తే పిల్లి రక్కిందని డాక్టరుకి చెప్పడం మర్చిపోకు. పురుగులకి మందు వేసేటప్పుడు కుక్కల డబ్బా వాడకు, కుక్కల మందులు కొన్నింటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లులకి విషం.

గోళ్లు తీసిన పిల్లికి పట్టు కాస్త తగ్గుతుంది. అందుకని బాల్కనీకి పావురాల వల కట్టించకుండా మల్లిని అక్కడికి వదలకు. ఓనరు ఒప్పుకోకపోతే నాతో మాట్లాడమను.

రేపు బస్సు పార్సిల్లో నులక తాడు పంపుతున్నాను. మన నులక మంచాలకి అల్లే రకమే, రంగు వెయ్యనిది. ఎక్కడా వదులు లేకుండా బిగించి చుట్టు. కొసలు మేకుతో కొట్టి, మేకు తల బయటికి రాకుండా చెక్కలోకి దించు. పార్సిల్ అందగానే ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మ