కలిసి రాయనివాళ్ల మధ్య చుట్టరికం

ప్రశ్న: లైబ్రరీ సైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఎన్నడూ కలిసి రాయని ఇద్దరు పరిశోధకుల మధ్య సంబంధాన్ని ఎలా కొలవాలి?

జవాబు: ఇతరులు రాసిన పేపర్ల చివర ఉండే ఆధారాల జాబితాలు చూడండి. ఆ ఇద్దరి పేర్లూ ఎంత ఎక్కువగా జంటగా కనిపిస్తే బంధం అంత గట్టిది. దీన్ని కో-సైటేషన్ అంటారు. 1973లో అమెరికాలో హెన్రీ స్మాల్, సోవియట్ యూనియన్‌లో ఇరీనా మార్షకోవా ఎవరికివారే దీన్ని ప్రతిపాదించారు. 1963లో కెస్లర్ చెప్పిన పద్ధతి వేరు: రెండు పేపర్లు ఉమ్మడిగా ఎన్ని పాత రచనలను ఉదహరించాయో లెక్కిస్తారు. ఆ అంకె పేపర్లు అచ్చయ్యాక మారదు. కో-సైటేషన్ మాత్రం ఆ తర్వాతా పెరుగుతూ పోవచ్చు. రంగం ఎటు కదిలిందో చూడాలంటే నా ఓటు దానికే.

అసలు తంటా పేర్లతోనే. ఇంటిపేరును మనం ముందు పెట్టి పొడి అక్షరం చేస్తాం కదా! ‘కె. శ్రీనివాసరావు’, ‘శ్రీనివాసరావు కె.’, ‘రావు కె.ఎస్.’ ఒక్కరే కావచ్చు, ముగ్గురూ కావచ్చు. పనిచేసే సంస్థ, సహరచయితలు, విషయం సరిపోల్చాకే కలపండి. పరిశోధకుడిని గుర్తించే 16 అంకెల ఆర్కిడ్ (ORCID) నంబరు ఉంటే సగం పని తప్పుతుంది.

ఇంకోమాట: మెచ్చుకుంటూ ఉదహరించినా, ఉతికి ఆరేసినా లెక్కలో ఒకటే. బలంగా తేలిన జంటల విషయంలోనైనా పేపర్లు తెరిచి చదవండి.