వరికి తెచ్చిన బస్తా కందకు చాలదు

మృగశిర కార్తె వచ్చింది. నారుమళ్ల పనులు మొదలయ్యాయి, ఎరువుల కొట్ల ముందు బళ్లు ఆగుతున్నాయి. వరి కోసం కొన్న డీఏపీ, యూరియాల్లోంచే రెండు బస్తాలు పక్కన పెట్టి కంద చేనుకో, వంగ తోటకో, అరటికో వేసేయడం గోదావరి జిల్లాల్లో పాత అలవాటే. వరి విషయంలో ఆ రెండు ఎరువులతోనే సరిపెట్టినా పెద్ద నష్టం కనిపించదు. డెల్టా నల్లమట్టిలో పొటాష్ నిల్వ బాగానే ఉంటుంది. పైగా వరి తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గడ్డిలోనే ఉండిపోతుంది. ఆ గడ్డి పశువు తిని పేడగా మారి మళ్లీ పొలానికి చేరే దారి ఒకటి ఉంది. కందకు ఆ దారి లేదు. భూమిలోంచి లాగిన పొటాష్ దుంపలోనే చేరి, దుంపతో పాటే లారీ ఎక్కి వెళ్లిపోతుంది. డీఏపీలో పొటాష్ లేదు, యూరియాలోనూ లేదు. ఆ రెండింటితోనే ఏటా దుంపలు తవ్వుకుంటూ పోతే లంక ఇసుక నేల నాలుగు పంటలకే చేతులెత్తేస్తుంది.

కొట్టుకు వెళ్లి “దుంపకు మంచి ఎరువు ఇవ్వండి” అని అడగకండి. బస్తా మీద వరసగా ఉండే మూడు అంకెలు చదవండి. మొదటిది నత్రజని, రెండోది భాస్వరం, మూడోది పొటాష్. అవి నూటికి ఎన్ని పాళ్లో చెబుతాయి. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. ఇరవై ఎనిమిది – ఇరవై ఎనిమిది బస్తాలో రెండూ పద్నాలుగేసి కిలోలు, పొటాష్ సున్నా. 14-35-14లో పొటాష్ 7 కిలోలు, 10-26-26లో 13 కిలోలు. ఇరవై – ఇరవై – సున్నా – పదమూడులో ఆ చివరి అంకె గంధకం, దాన్ని పొటాష్ అనుకుని కొనే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో భాస్వరం 16 శాతమే అయినా సున్నం, గంధకం ఉచితంగా వస్తాయి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో 60 శాతం పొటాష్. ఎర్ర పొటాష్‌కు బలం ఎక్కువ, తెల్లదానికి తక్కువ అన్న మాట నమ్మకండి. ఆ ఎరుపు గనిలో అంటిన ఇనుము రంగు. డీఏపీ గుళికలు నల్లగా ఉన్నా గోధుమ రంగులో ఉన్నా అంతే.

ఇక కంద సంగతి. కొవ్వూరు ప్రాంతం నుంచి ఎంపికై వచ్చిన గజేంద్ర రకం ఇవాళ దేశమంతా వేస్తున్నారు. దురద లేని దుంప, హెక్టారుకు 40 టన్నుల దాకా దిగుబడి. అంత దుంప ఊరాలంటే భూమిలోంచి ఎంత పోతుందో ఊహించండి. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ కందకు హెక్టారుకు 100 కిలోల నత్రజని, 50 కిలోల భాస్వరం, 150 కిలోల పొటాష్ సిఫారసు చేసింది. ఎకరం లెక్కకు మారిస్తే 40, 20, 60. మూడింటిలోనూ పెద్ద వాటా పొటాష్‌దే. ఇప్పుడు ఎకరానికి రెండు డీఏపీ, మూడు యూరియా వేసిన చేను లెక్క చూడండి: నత్రజని 80 కిలోలు, భాస్వరం 46 కిలోలు, పొటాష్ సున్నా. రెండు పోషకాలు రెట్టింపు పడ్డాయి, దుంపకు కావాల్సినది అసలు పడలేదు. డబ్బు పెట్టక కాదు, అక్కర్లేని చోట పెట్టి నష్టపోవడం ఇది.

అదే ఎకరానికి ఒకటిన్నర బస్తా 10-26-26, ఒకటిన్నర బస్తా యూరియా, 65 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ తీసుకుంటే సిఫారసు దాదాపు సరిపోతుంది. కాంప్లెక్స్ దొరకకపోతే రెండున్నర బస్తాల సూపర్, రెండు బస్తాల యూరియా, రెండు బస్తాల పొటాష్ అదే పని చేస్తాయి. సూపర్ మోయడం కష్టమని మొహం తిప్పుకునే వాళ్లున్నారు గానీ, ఇసుక పాలు ఎక్కువున్న లంకల్లో నేనైతే సూపర్ వైపే మొగ్గుతాను. పశువుల ఎరువు ఎకరానికి పది టన్నులు దీనికి అదనం. అది తగ్గించి బస్తాలు పెంచుతామంటే ఇసుక నేలలో కుదరదు.

ఎంత వేశామన్నదానికన్నా ఎప్పుడు వేశామన్నదే కందలో ఎక్కువ తేడా తెస్తుంది. కందకు ఉన్నదంతా గొడుగులా విచ్చుకునే ఆ ఒక్క ఆకే. అది విచ్చుకునే రోజుల్లో నత్రజని కావాలి, విచ్చుకున్నాక అది తయారు చేసిన పిండిని కిందికి దింపడానికి పొటాష్ కావాలి. నాటిన 45 రోజులకు భాస్వరం మొత్తం, నత్రజని, పొటాష్ సగం చొప్పున వేసి మట్టి ఎగదోయాలి. మిగతా సగం ఇంకో నెలకు, కలుపు తీసి, మళ్లీ మట్టి ఎగదోస్తూ. మే మొదట్లో నాటిన చేలకు మొదటి దఫా ఇప్పుడే, ఈ నెలాఖరులోగా. నాలుగో నెల దాటాక “ఇంకో బస్తా యూరియా పడితే దుంప ఊరుతుంది” అని వేసేది ఆకును పచ్చగా ఉంచడానికే పనికొస్తుంది. దుంప ముదరడం వెనకబడుతుంది, నీరెక్కిన దుంప నిల్వకు ఆగదు.

చిలగడదుంపలో ఇదే ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నత్రజని ఎక్కువైతే తీగ చేనంతా కమ్మేస్తుంది, తవ్వితే వేలెడంత వేళ్లు. చామకు, పెండలానికి కంద పద్ధతే కొద్ది మార్పులతో నడుస్తుంది. ముల్లంగి, క్యారెట్‌కు మాత్రం పచ్చి పేడ వేయకండి, దుంప రెండుగా చీలుతుంది.

మెట్టలో, అంటే పెద్దాపురం, రంగంపేట, గండేపల్లి వైపు కర్రపెండలం ఎర్రనేలల్లో డెల్టా లెక్క నడవదు. అక్కడి నేలలో పొటాష్ నిల్వ తక్కువ. పొటాష్ అందని కర్రపెండలంలో పిండి తగ్గుతుంది, అలాంటి దుంపను సగ్గుబియ్యం మిల్లు దగ్గర ఎవరూ ఇష్టపడరు. మ్యూరేట్ వేయాలా, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేయాలా అన్న ప్రశ్న మెట్ట రైతుకు కొత్తది కాదు. జంగారెడ్డిగూడెం, గోపాలపురం, దేవరపల్లి పొగాకు రైతులు ఎన్నో ఏళ్లుగా మ్యూరేట్‌ను దూరం పెడుతున్నారు. అందులోని క్లోరిన్ చేరిన ఆకు సరిగా కాలదు. రాజమండ్రిలో 1947లో మొదలైన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ చెబుతూ వచ్చిన మాటే ఇది. అయితే పొగాకుకు పనికిరాదని అన్నిటికీ పనికిరాదనుకోవద్దు. కొబ్బరికి క్లోరిన్ కూడా అవసరమే, కాబట్టి కోనసీమ తోటలకు మ్యూరేటే మేలు. అరటికీ, కందకూ అదే చాలు. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ ఖరీదు చాలా ఎక్కువ. ఉప్పు చేరిన తీర ప్రాంతపు చేలల్లోనూ, చిక్కుడు లాంటి క్లోరిన్ పడని పంటల్లోనూ దానికి పెట్టిన డబ్బు దండగ కాదు.

కాయ పంటల్లో తప్పు ఇంకో చోట జరుగుతుంది. వంగలో సూటి రకాలకు ఎకరానికి 40 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 24 కిలోల పొటాష్ చాలు. మూడు బస్తాల సూపర్, 40 కిలోల పొటాష్ ఆఖరి దుక్కిలో, రెండు బస్తాల యూరియా మూడు దఫాలుగా పైపాటు. ఆ రెండు బస్తాలూ మొదటి నెలలోనే పోసేస్తే మొక్క ఏపుగా లేస్తుంది, పూత రాలుతుంది, రసం పీల్చే పురుగు చేరుతుంది. పూత మొదలయ్యాక, మొదటి కోత అయ్యాక కొంచెం కొంచెంగా ఇస్తేనే కాపు సాగుతుంది. టమాటా కాయ అడుగున నల్లగా కుళ్లితే తెగులు మందు కొట్టేముందు నేలలో సున్నం సంగతి, నీటి తడుల సంగతి చూడండి. ఒకసారి ఎండగట్టి, ఒకసారి ముంచితే భూమిలో సున్నం ఉన్నా కాయకు అందదు. యూరియా అతిగా పడినా అంతే. సూపర్ వేసిన చేలో ఈ బాధ కాస్త తక్కువ.

ఏళ్ల తరబడి డీఏపీ తిన్న డెల్టా పొలాల్లో భూసార పత్రం తీసి చూస్తే భాస్వరం దగ్గర “ఎక్కువ” అని చాలాసార్లు రాసి ఉంటుంది. ఎక్కువ ఉన్న పోషకాన్ని సిఫారసులో 30 శాతం తగ్గించండి, తక్కువ ఉన్నదాన్ని 30 శాతం పెంచండి. భాస్వరం పేరుకుపోతే జింకు అందదు, కొత్త ఆకు పాలిపోతుంది. జింకు సల్ఫేట్‌ను డీఏపీతోనో సూపర్‌తోనో కలిపి ఎప్పుడూ వేయవద్దు. రెండింటికీ మధ్య మూడు రోజులైనా ఎడం ఉండాలి. మట్టి నమూనా ఇప్పటిదాకా ఇవ్వకపోతే ఎరువు వేయకముందే మీ రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. వేశాక తీసిన మట్టి అబద్ధం చెబుతుంది.

బస్తా మీద అనుమానం వస్తే గుప్పెడు డీఏపీ అరచేతిలో తీసుకుని సున్నంతో నలపండి. అసలుదైతే కళ్లు చెమర్చేంత ఘాటు వాసన వస్తుంది. యూరియా కావాలంటే ఫలానా సీసా కూడా కొనాలనే లింకు అమ్మకాలకు తల వంచకండి, బిల్లు అడగండి.

అరటికి మొక్కకు 110 గ్రాముల యూరియా, 80 గ్రాముల పొటాష్ చొప్పున నాటిన 40, 80, 120, 160, 200 రోజులకు, మొక్కకు మూరెడు ఎడంగా గుంత తీసి వేసి మట్టి కప్పాలి. పైన జల్లితే సగం గాలికి, సగం వానకు. లంకల్లో తోట ఉన్న వాళ్లు జూలై, ఆగస్టు నెలల్లో ఈ తేదీలకు కట్టుబడి ఉండక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం పెరుగుతోందని తెలిస్తే ఆ దఫా ఆపేయండి. నీళ్లు తీసిన వెంటనే చాళ్లు చేసి మురుగు లాగేసి, మొక్కకు 100 గ్రాముల యూరియా, 80 గ్రాముల పొటాష్ వేసి, లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి ఆకుల మీద పిచికారీ చేయండి. మూడు నాలుగు రోజులకు మించి నీట నానిన తోటలో మాత్రం ముందు రెండు మూడు మొక్కల వేర్లు తవ్వి చూసుకోండి. వేరు కుళ్లి నల్లబడి ఉంటే ఆ ఎరువు డబ్బు కొత్త పిలకలకు దాచుకోవడమే నయం.