రాయబారి పదవికి ఆఫ్రికా దారి

లండన్, పారిస్ లాంటి నగరాల్లో అమెరికా రాయబారి పదవి చాలాసార్లు అధ్యక్షుడి స్నేహితులకో, ఎన్నికల్లో భారీ విరాళాలిచ్చినవారికో దక్కుతుంది. ఆఫ్రికాలోని కంపాలా, హరారేలకు ఆ తాకిడి తక్కువ. అక్కడికి ఎక్కువగా వెళ్లింది పరీక్ష రాసి, కింది మెట్టు నుంచి ఎదిగిన ఫారిన్ సర్వీస్ (అమెరికా దౌత్య సర్వీసు) ఉద్యోగులే.

వారిలో ఒకరైన జానీ కార్సన్ 1965లో అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ పీస్ కోర్ వాలంటీరుగా టాంజానియా వెళ్లారు. 1969లో ఫారిన్ సర్వీస్‌లో చేరితే తొలి పోస్టింగు లాగోస్‌లో. అప్పటికి నైజీరియాలో అంతర్యుద్ధం నడుస్తోంది. తర్వాత ఉగాండా, జింబాబ్వే, కెన్యాలకు వరసగా రాయబారి అయ్యారు. 2009లో వాషింగ్టన్‌లో సహారా దిగువ ఆఫ్రికా వ్యవహారాల బాధ్యత మొత్తం ఆయన చేతికొచ్చింది. నలభయ్యేళ్లు ఒకే ఖండాన్ని నమ్ముకున్న ఫలితమది.

ఫారిన్ సర్వీస్ ఉద్యోగానికి అమెరికా పౌరసత్వం తప్పనిసరి. గ్రీన్‌కార్డు చాలదు. దరఖాస్తుకు వయసు 20 నుంచి 59 ఏళ్లు. మన తల్లిదండ్రులు నమ్మరేమో గానీ, డిగ్రీ ఉండాలన్న నిబంధన లేదు! రాజకీయ, ఆర్థిక, కాన్సులర్, మేనేజ్‌మెంట్, ప్రజా దౌత్యం అనే అయిదు విభాగాల్లో ఒకటి ఎంచుకోవాలి. పరీక్ష, ముఖాముఖి, వైద్య, భద్రతా తనిఖీలు దాటాక వాషింగ్టన్ పక్కనే ఆర్లింగ్టన్‌లో శిక్షణ. సెనెగల్‌కు ఫ్రెంచి, మొజాంబిక్‌కు పోర్చుగీసు నేర్చుకోవాలి. ఏ విభాగం వారైనా మొదట్లో చాలామందికి వీసా కిటికీ దగ్గర కూర్చోక తప్పదు.

కష్టతరమైన చోట్ల జీతంపై అదనపు భత్యం ఇస్తారు. అది ఊరికే ఇచ్చేది కాదు. కెన్యా రాజధాని నైరోబీలో అమెరికా రాయబారిగా ఉన్న ప్రూడెన్స్ బుష్‌నెల్, ఎంబసీ రోడ్డుకు మరీ దగ్గరగా ఉందని, భద్రత చాలదని పైవారికి ముందే మొరపెట్టుకున్నారు. 1998 ఆగస్టు 7న ఆ ఎంబసీ వద్దే ట్రక్కు బాంబు పేలింది. ఆ సమయానికి ఆమె పక్క బ్యాంకు భవనంలో కెన్యా వాణిజ్య మంత్రితో సమావేశంలో ఉన్నారు. గాయాలతోనే మెట్లు దిగి బయటపడ్డారు. మృతులు 200 మందికి పైనే, వారిలో అత్యధికులు కెన్యన్లు. ఆ తర్వాత నెలల తరబడి ఆమె పని క్షతగాత్రులను, మిగిలిన సిబ్బందిని చూసుకోవడమే. దౌత్యమంటే విందులే అనుకునేవారు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలి.

అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలకు ఈ దారి తెరిచే ఉంది. భారత పౌరులకు ఇలాంటి మార్గం యూపీఎస్సీ ద్వారా ఇండియన్ ఫారిన్ సర్వీస్ (ఐఎఫ్ఎస్). వారికీ ఆఫ్రికాలో అవకాశాలున్నాయి: అక్కడ 18 కొత్త భారత దౌత్య కార్యాలయాలకు 2018లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఐఎఫ్ఎస్‌కు మాత్రం డిగ్రీ ఉండాల్సిందే.